ఆరు నుంచి పది దాకా అక్క మాట

ఇంటి నుంచి, మూడో అంతస్తు
మార్చి 4

ఒరేయ్ తమ్ముడూ,

నిన్ను మీటర్ల విభాగం నుంచి విజ్ఞప్తుల విభాగానికి మార్చారని నీ కార్డు చూసి తెలుసుకున్నాను. సంతోషం. ఇంటింటికీ తిరిగి మీటరు రాసుకుంటూ కుక్కల చేత తరిమించుకునే బాధ తప్పింది.

అయితే ఈ మధ్య రోజూ సాయంత్రం ఐదున్నరకి మా వీధిలో మైకు బండి అరిచేది నీ రాతేనన్నమాట. "గరిష్ఠ వినియోగ వేళలయందు అనావశ్యక విద్యుదుపకరణముల వాడకమును పరిహరింప ప్రార్థన." నిన్న బండి వెళ్ళిపోయాక కింద వాటా పళ్ళ డాక్టరు గారు బయటికొచ్చి, "ఏమండీ, ఎవరైనా పోయారా?" అని నన్నడిగాడు. ఊరికి చెప్పే మాట ఊరికి అర్థం కావద్దట్రా?

ఊరి సంగతి సరే, ముందు మీ బావకి చెప్పు. పోయినేడు రిటైరైన దగ్గర్నుంచి డ్రిల్లు మాస్టారు గారికి ఇల్లే గ్రౌండు. ఆరయ్యేసరికి హాల్లో టీవీ పెడతారు, రెండు ఫ్యాన్లు వేస్తారు, ఉన్న నాలుగు లైట్లూ వేస్తారు. అన్నీ వేసి తను మాత్రం బాల్కనీలో నిలబడి, వీధిలో పోయేవాళ్ళ నడక తిన్నగా ఉందో లేదో చూస్తుంటారు. గదిలో మనిషి ఉండడు. ఫ్యాను మాత్రం ఒళ్ళు దాచుకోకుండా కుర్చీకి విసురుతూ ఉంటుంది. నిన్న ఉండబట్టలేక అడిగాను, "ఏమండీ, ఆ కుర్చీకేమన్నా చెమట పట్టిందా?" అని. "నీకన్నిటికీ వంకే" అన్నారు.

ముప్పై రెండేళ్ళ కాపురంలో నా మాట విని ఒక్క స్విచ్చి ఆపిన పాపాన పోలేదు. గోడకి చెప్పుకున్నా బాగుండేది, కనీసం ప్రతిధ్వని వచ్చేది.

నా కుట్టు పని బాగానే సాగుతోంది. వంటింటి పక్కన అరగది ఉంది కదా, అందులోనే మోటారు మిషను. పగలంతా ఇంటి పనే సరిపోతుంది, స్కూలు యూనిఫారాలు సాయంత్రాలే కుట్టాలి. అక్కడ నేనొక్క బల్బు వేసుకుంటే హాల్లోంచి కేక, "ఏమోయ్, వెలుతురుండగా లైటెందుకు?" అని. ఆ కేక వేసే మనిషి నెత్తి మీద నాలుగు వెలుగుతుంటాయి.

ఇవన్నీ ఫోన్లో చెబుదామంటే ఆయన చెవి ఇటే ఉంటుంది. కాగితానికి చెవుల్లేవు. అందుకే ఉత్తరం. నువ్వూ ఉత్తరమే రాయి.

మీ అక్క


విద్యుత్ కార్యాలయం, మెట్ల కింద గది
మార్చి 15

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ నవ్వాను. ఈ గదిలో నవ్వు వినబడి చాలాకాలమైందట, పక్క గది గుమాస్తా వచ్చి ఒంట్లో బాగుందా అని అడిగి వెళ్ళాడు.

ఇక్కడి సంగతి విను. మా గదిలో ఏసీ ఎంత చల్లగా ఉంటుందంటే, నేను మఫ్లరు కట్టుకుని కూర్చుని "ఏసీ వాడకం తగ్గించండి" అని రాస్తున్నాను. దాన్ని ఆపే స్విచ్చి ఎక్కడుందో ఎవరికీ తెలీదు. భవనం కట్టినప్పుడే గోడలో పెట్టి సున్నం కొట్టేశారంటారు. దాన్ని వెతకడానికి ఒక కమిటీ వేశారు. కమిటీ కూడా ఈ గదిలోనే, ఏసీ కిందే సమావేశమవుతుంది.

నా ఎదురుగా గోడ మీద పెద్ద కాగితం ఒకటుంది. ఊరు రోజు మొత్తంలో ఎంత కరెంటు తాగుతోందో చూపించే ఎర్రగీత దాని మీద గీస్తారు. పొద్దున్నుంచి బుద్ధిగా పాకుతూ వచ్చిన గీత, సాయంత్రం ఆరు కొట్టగానే కోతి చెట్టెక్కినట్టు ఎక్కుతుంది. పదింటికి గానీ దిగదు. దాన్ని దింపడం నా పని. మా పెద్దాయన, అంటే సూపరింటెండెంటు గారు, రోజూ వచ్చి ఆ కోతిని చూసి, తర్వాత నన్ను చూస్తారు. వేసవి పూర్తయ్యేలోగా గీత దిగకపోతే విభాగం ఎత్తేసి నన్ను మళ్ళీ కుక్కల దగ్గరికే పంపుతామన్నారు.

నాకు మాటలు రావక్కా. నీకు తెలుసుగా, చిన్నప్పుడు స్కూల్లో నా వ్యాసాలన్నీ రాసిపెట్టింది నువ్వే.

బావ గురించి ఇంకా రాయి. వివరంగా రాయి. ఊరికే, సరదాకి అడుగుతున్నాను.

తమ్ముడు


ఇంటి నుంచి
ఏప్రిల్ 6

ఒరేయ్ దొంగా,

నిన్న ఐదున్నరకి మైకు బండి వచ్చింది. నేను సూదిలో దారం ఎక్కిస్తున్నాను. ఆ కంచుకంఠం ఆవిడ మొదలుపెట్టింది. "అయ్యా, గదిలో మీరు లేరు. ఫ్యాను ఒళ్ళు దాచుకోకుండా కుర్చీకి విసురుతోంది. మీ కుర్చీకేమన్నా చెమట పట్టిందా?"

నా చేతిలో దారం కింద పడింది. నా మాట! నా హాల్లో, నా మొగుడితో, నేనన్న మాట! వీధి చివరిదాకా వినబడేలా!

బాల్కనీలో మీ బావ అటెన్షన్‌లో నిలబడిపోయారు. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి కుర్చీని చూశారు. దగ్గరికొచ్చి దాని వీపు మీద చెయ్యి పెట్టారు. ఒట్టు, అబద్ధం కాదు. "పొడిగానే ఉంది" అని తనలో తను అనుకుని, ఫ్యాను కట్టేశారు. టీవీ కట్టేశారు. మూడు లైట్లు ఆర్పేశారు. ఆర్పి నా గదికొచ్చారు.

"విన్నావా? ఎంత బాగా చెప్పారు! చదువుకున్నవాళ్ళు చెబితే ఆ తీరే వేరు. నువ్వూ ఉన్నావు, ముప్పై ఏళ్ళుగా సణుగుతూనే ఉంటావు. ఒక్క మాటకైనా ఇంత పదునుందా?"

"అదే మాట పోయిన నెల నేనన్నానండీ."

ఆయన కాసేపు ఆలోచించారు. "అన్నావేమో. ఇలా అన్లేదు."

ఏం చెయ్యమంటావురా? నవ్వనా, ఏడవనా? మైకులో వస్తే వేదం, నా నోట్లోంచి వస్తే వాగుడు. ఇవాళ ఇంకోటి. "ఇంట్లో ఆడవాళ్ళు చెబితే కనీసం గోడలా ప్రతిధ్వనించండి" అట. ఆయన అప్పట్నుంచీ "ప్రతిధ్వనించండి, ప్రతిధ్వనించండి" అనుకుంటూ పచార్లు చేస్తున్నారు. బాగుందట.

ఇంటి గుట్టు వీధికెక్కించావు. కూతురికీ అల్లుడికీ తెలిస్తే నా పరువేం కాను? ఇంకెప్పుడూ నీకు ఉత్తరం రాయను.

అక్క

ఈ నాలుగు మాటలూ ఉత్తరం మడిచాక రాస్తున్నాను. కోపం నిజమే. కానీ ఫ్యాన్లు, టీవీ ఆగాక హాలు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నా మిషను చప్పుడు నాకు మొదటిసారి పూర్తిగా వినబడింది.


కార్యాలయం నుంచి
ఏప్రిల్ 11

అక్కా,

నీ కాళ్ళు పట్టుకుంటాను. తప్పు నాదే, దొంగతనమే. కానీ విను, కోతి చెట్టు దిగింది! కుర్చీ మాట పోయిన సాయంత్రం ఆరింటికి గీత సగం చెట్టు దాకా ఎక్కి, సిగ్గుపడ్డట్టు ఆగిపోయింది. పెద్దాయన కాగితాన్ని తిరగేసి, అద్దంలో కూడా చూసుకుని, నన్ను కౌగిలించుకున్నారు. ఆయన కోటు కూడా చల్లగా ఉంది.

ఉత్తరాలు గంపలకొద్దీ వస్తున్నాయి. ఒకాయన, "మా ఇంట్లో కుర్చీ లేదు, సోఫా ఉంది, మాకు వర్తిస్తుందా?" అని అడిగాడు. ఇంకొకావిడ, "మా కుర్చీకి నిజంగానే చెమట పడుతోంది, ఏం చెయ్యాలి?" అని రాసింది. దానికి జవాబు మెయింటెనెన్సు విభాగానికి పంపాం.

ఇలాంటివి వారానికి నాలుగైనా కావాలట. నేను సొంతంగా ఒకటి రాశాను, "విద్యుత్తు విలువైనది" అని. గీత మళ్ళీ పైకెక్కింది.

నువ్వు రాయనన్నావు. రాయకపోతే నేను మునిగిపోతాను.

నీ దొంగ


ఇంటి నుంచి
ఏప్రిల్ 19

తమ్ముడూ,

నేను నీకు విజ్ఞప్తులేమీ రాసివ్వడం లేదు. ఇంటి సంగతులు రాస్తున్నాను, అంతే. అందులో నువ్వేం ఎత్తుకుపోతావో నీ ఇష్టం. ఎత్తుకుపోయేది మాత్రం కింద గీత గీసినచోట, కామాతో సహా ఎత్తుకుపో.

ఇంటి సంగతేమిటంటే, సాయంత్రం పూట బట్టలుతికే యంత్రం వాడకపోతే బోలెడు కరెంటు మిగులుతుంది. <u>ఒకప్పుడు ఐదొందల మంది చేత చేతులు పైకెత్తించిన మగవాడు ఇంట్లో ఉండగా, రెండు దుప్పట్లు పిండటానికి యంత్రమెందుకు?</u>

ఇంకో సంగతి. మేము భోజనం చేశాక మీ బావ కంచం అక్కడే వదిలేసి లేస్తారు. నేను చీకట్లో వెతుక్కోలేక లైటు వెయ్యాలి. <u>తిన్న కంచం తనే కడుక్కునే మగవాడి ఇంట్లో దీపం లేకపోయినా వెలుగుంటుంది.</u>

మూడోది, ఇది నిజంగా ఇంటి సంగతే. <u>ఇంటావిడ పని చేసుకుంటుంటే "ఏమోయ్" అని కేకెయ్యకుండా, అవసరమైతే లేచి వెళ్ళి అడగండి. కేకలకి ఖర్చయ్యే శక్తి కూడా శక్తే.</u>

ఇక్కడంతా క్షేమం. ఎండ బాగా ముదిరింది.

అక్క


కార్యాలయం నుంచి
ఏప్రిల్ 27

అక్కా,

మూడూ వేశాం. కేకల మాట దగ్గర పెద్దాయన కాస్త ఆగి, "కేకలు కరెంటు మీద నడుస్తాయా?" అని ఇంజనీర్లని అడిగారు. వాళ్ళు రెండ్రోజులు లెక్కలేసి, ఖాయంగా కాదని చెప్పలేమన్నారు. అందుకని వేసేశాం. ఐదొందల మంది మాట మాత్రం, "ఇది డ్రిల్లు మాస్టార్లకి ప్రత్యేకమా?" అని అడిగారు. అందరికీ అని చెప్పాను. ఊళ్ళో డాబాలన్నీ ఇప్పుడు మగవాళ్ళు పిండిన దుప్పట్లతో నిండిపోయాయట. చాలావాటి నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయట.

గీత ఇప్పుడు నేలబారునే పోతోంది.

ఇక్కడ చెప్పుకోదగ్గ విశేషాలేం లేవు. కొత్త కుర్చీ ఇచ్చారు. కొత్త బల్ల కూడా. అంతే.

తమ్ముడు


ఇంటి నుంచి
మే 16

తమ్ముడూ,

మొదటి పదిహేను రోజులు స్వర్గం. మీ బావ దుప్పట్లు పిండారు, "ఒకటి, రెండు, తిప్పు!" అని తనకి తనే ఆజ్ఞలిచ్చుకుంటూ. కంచం కడిగారు. ఏదన్నా కావాలంటే లేచొచ్చి గుమ్మం దగ్గర నిలబడి అడుగుతున్నారు. నేను కూడా పైకి ఏమీ తెలియనట్టే, "ఎవరు చెప్పారండీ ఇంత మంచి మాట?" అంటుంటే, "నీకేం తెలుసు, ఆ రాసేవాడు మహానుభావుడు" అని మురిసిపోతున్నారు.

ఇప్పుడు కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

బీరువాలోంచి పాత ఈల తీశారు. రోజూ ఆరింటికి ఈల. అంతస్తు అంతస్తుకీ ఎక్కి తలుపులు కొట్టి, ఎవరింట్లో ఏది తిరుగుతోందో చూస్తున్నారు. లిఫ్టుకి తాడు కట్టేసి, "కాళ్ళున్నాయి" అని అట్ట తగిలించారు. జనం తిరగబడతారనుకున్నాను. తిరగబడలేదు, చేరిపోయారు. ఇప్పుడు పద్నాలుగు మంది దళం, అందరికీ ఈలలు.

పళ్ళ డాక్టరు గారు పన్ను తొలిచే యంత్రానికి సైకిలు తగిలించాడు. తొక్కేది రోగే. నొప్పి ఎక్కువున్నవాడు గట్టిగా తొక్కుతాడు కాబట్టి పని త్వరగా అవుతోందట. నిన్న ఒకాయన నోరు తెరుచుకునే పావుగంట తొక్కి, చివర్లో కుడివైపు పన్ను అనబోయి ఎడమవైపుది చూపించాడు. ఆయాసంలో తనూ గమనించలేదు, డాక్టరు దాన్నే తొలిచేశాడు.

కూతురూ అల్లుడూ వారం ఉందామని వచ్చి, రెండో రోజే "ఆఫీసులో పనుంది" అని వెళ్ళిపోయారు. మూడంతస్తుల మెట్లూ దిగుతుంటే మీ బావ పైనుంచి లయ కొట్టారు.

అయినా ఓర్చుకున్నాను. మొన్న నువ్వు ఇంకో మాట వేశావు చూడు, "తిరిగేదేదైనా తింటుంది" అని. ఫ్యాన్ల గురించి మధ్యలో పంపిన ఉత్తరాల్లో నేనే రాశాను, నిజమే. అది వినగానే మీ బావ తిన్నగా నా గదికొచ్చి, మిషను మోటారు బెల్టు విప్పి బీరువాలో పెట్టి తాళం వేశారు. "ఏమండీ, స్కూళ్ళు తెరిచేలోగా అరవై జతలివ్వాలి" అన్నాను. "నేను కాదు అంటున్నది, వాళ్ళు" అని వీధి వైపు చూపించారు.

నా మాటే నా మెడకి చుట్టుకుంది. మూడ్రోజులుగా చక్రం చేత్తో తిప్పుతూ కుడుతున్నాను. కుడిచెయ్యి భుజం దాకా లాగేస్తోంది. వెంటనే ఒక మాట వెయ్యి: "కుట్టు మిషన్లకు మినహాయింపు." అందం, చమత్కారం ఏమీ అక్కర్లేదు. ఉన్నదున్నట్టు వెయ్యి చాలు.

అక్క


కార్యాలయం నుంచి
మే 24

అక్కా,

రాశాను. పెద్దాయన కొట్టేశారు. కుట్టు మిషన్లకి మినహాయింపిస్తే తెల్లారేసరికి ఊరంతా టైలర్లైపోతారన్నారు. రెండోసారి రాశాను. మూడోసారి కంచుకంఠం ఆవిడతో మాట్లాడి నేరుగా చదివించబోయాను, డ్రైవరు మైకు కట్టేశాడు. నన్ను క్షమించు.

దీనితో ఇంకో కాగితం పెడుతున్నాను. విజ్ఞప్తులు రాసేవారికి అని మొన్న టపాలో వచ్చింది. చేతిరాత చూడగానే ఎవరిదో తెలిసింది. చదవకుండా పక్కన పెట్టాల్సింది. చదివేశాను. ఇక నువ్వు చదవకపోతే అన్యాయమనిపించింది.

తమ్ముడు


(జతచేసిన ఉత్తరం)

విజ్ఞప్తుల రచయిత గారికి,

విశ్రాంత డ్రిల్లు మాస్టారు నమస్కరించి చెప్పుకొనేది.

మీరెవరో నాకు తెలియదు. మా బావమరిది ఒకడు మీ కార్యాలయంలోనే ఎక్కడో మీటర్లు చూస్తాడు గానీ, వాణ్ణి అడిగి లాభం లేదు. మీ మాటలు నేను నోటుపుస్తకంలో రాసుకుంటున్నాను. నా జీవితంలో ఎవరి మాటా ఇంత సూటిగా నన్ను తాకలేదు. మీరు నన్ను చూసి రాస్తున్నారా అనిపిస్తుంది.

మీకొక నిజం చెప్పాలి. ముప్పై నాలుగేళ్ళు నేను ఈల వేస్తే ఐదొందల మంది నిలబడేవారు. రిటైరైన మర్నాడు బాల్కనీలో ఈల వేశాను. ఒక పావురం కూడా లేవలేదు. ఆ రోజు నుంచి టీవీ, లైట్లు, ఫ్యాన్లు అన్నీ వేసుకుని ఉండేవాణ్ణి. ఇంట్లో జనం ఉన్నట్టుంటుందని. మీరు చెప్పాక ఆపేశాను.

ఇప్పుడొక చిక్కొచ్చింది. ఆరు నుంచి పది దాకా ఇల్లు నిశ్శబ్దం. పక్క గదిలో నా భార్య మిషను మీద కుడుతూ ఉంటుంది. దాని బెల్టు విప్పేశాను. మీ మాట ప్రకారమే విప్పాను, కానీ అది పూర్తి నిజం కాదు. పని ఆగితే వచ్చి హాల్లో కూర్చుంటుందనుకున్నాను. రాలేదు. చేత్తో తిప్పుకుంటూ అక్కడే కూర్చుంది.

వచ్చినా ఏం మాట్లాడాలో నాకు తెలియదు. నాకు అటెన్షన్, స్టాండెటీజ్, డిస్మిస్ తప్ప రావు. ఆరు నుంచి పది అంటే నాలుగు గంటలు. కరెంటు ఆపేశాక ఇంట్లోవాళ్ళు ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకోవాలి అన్నదాని మీద కూడా ఒక విజ్ఞప్తి వెయ్యగలరు. మా ఆవిడకి వినబడేలా కాస్త మా వీధిలో గట్టిగా చెప్పించండి.

నా వివరాలు మైకులో చెప్పవద్దు.

విధేయుడు


ఇంటి నుంచి
జూన్ 8

తమ్ముడూ,

ఆ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. ఎవరూ లేకపోయినా తలుపు దగ్గరగా వేశాను. తర్వాత పొయ్యి మీద గిన్నె మాడిన వాసనొచ్చింది.

ఆ సాయంత్రమే చెప్పేశాను. ఆయన హాల్లో ఒక్కరే కూర్చుని నోటుపుస్తకం తిరగేస్తున్నారు. ఎదురుగా కూర్చున్నాను.

"ఏమండీ, అవన్నీ నా మాటలు. నేను తమ్ముడికి ఉత్తరాల్లో రాశాను. వాడు మైకులో పెట్టాడు."

ఆయన నా మొహం చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. నవ్వీ నవ్వీ పొరపోయింది. నేనే నీళ్ళు తెచ్చిచ్చాను.

"నువ్వా? ఈ మాటలు నువ్వా?" నోటుపుస్తకం మీద తట్టి, "ఇవి ఎలాంటి మాటలో తెలుసా నీకు? అయినా వాడు రాసేదేంటి! వాడికి చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోవడం రాదు" అన్నారు.

మర్నాడు మైకు బండి కరపత్రాలు పంచింది. పొదుపులో ఊరిని గెలిపించిన విజ్ఞప్తుల ప్రధాన రచయితకి ఆదివారం బహిరంగ సభలో పతకం ఇస్తారట. పెద్దాయన పక్కన నీ ఫోటో. గుండీలు సరిగ్గానే పెట్టుకున్నావు.

మీ బావ కరపత్రం చేత్తో పట్టుకుని, "వీడిలో ఇంతుందని నేననుకోలేదు" అన్నారు. "సరే, రాసింది వాడేనని ఒప్పుకుంటాను. అంతే గానీ నువ్వంటే మాత్రం..." అని మళ్ళీ నవ్వు.

తమ్ముడూ, కొత్త కుర్చీ అని రాశావు. కొత్త బల్ల అని రాశావు. ప్రధాన రచయితనయ్యానని రాయడానికి సిరా అయిపోయిందా? ఆయన నమ్మకపోతే నాకు అలవాటే. నువ్వు దాచావే, అది గుచ్చుకుంది.

ఆయన మీ ఆఫీసుకి మళ్ళీ రాశారు, తన భార్య ఇలా అంటోంది, నిజమేమిటో తెలుపగలరు అని. నువ్వేం జవాబిస్తావో నీ ఇష్టం. నేను మాత్రం ఏ విజ్ఞప్తీ చెయ్యను.

అక్క


కార్యాలయం నుంచి
జూన్ 17

అక్కా,

దాచాను. మొదట సిగ్గుతో దాచాను, తర్వాత ఆ కుర్చీ బాగుండి దాచాను. అంతకంటే నా దగ్గర చెప్పుకోడానికేం లేదు.

బావ ఉత్తరం పెద్దాయన దగ్గరికెళ్ళింది. విజ్ఞప్తుల గురించి వచ్చే ఉత్తరాలకి జవాబు రాసేది విజ్ఞప్తుల విభాగమే కాబట్టి ఆయన చదవకుండానే నా బల్ల మీదికి పంపారు. జవాబు రాసి, ముద్ర వేసి, బావకి పంపించాను. నకలు నీకు పెడుతున్నాను. అదే కాగితాన్ని ఆదివారం సభలో పతకానికి ముందు చదివాను.

జనం చప్పట్లు కొట్టారు. పెద్దాయన కొట్టలేదు. అలాగైతే ఆ పతకం నాకివ్వడం కుదరదన్నారు. నీకిద్దామంటే నువ్వు ఉద్యోగానికి దరఖాస్తు పెట్టలేదు కాబట్టి లేనట్టే లెక్కన్నారు. తెచ్చిన పతకం వెనక్కి తీసుకెళ్ళే నిబంధన లేదట. చివరికి అక్కడే ఉన్నాడని మైకు బండి డ్రైవరు మెళ్ళో వేశారు. అతను రెండు మాటలు మాట్లాడాడు కూడా. బాగా మాట్లాడాడు.

నన్ను మళ్ళీ మీటర్లకి పంపారు. ఎండలో తిరుగుతుంటే హాయిగా ఉంది. మఫ్లరు తీసేశాను.

నీ తమ్ముడు


(నకలు)

విద్యుత్ కార్యాలయం, విజ్ఞప్తుల విభాగం

విషయం: తమరి భార్య గురించి.
సూచిక: తమరి జాబు.

అయ్యా,

తమరు పై సూచికలో కోరిన వివరములు ఈ దిగువ తెలియజేయడమైనది.

ఈ వేసవిలో ఈ విభాగము జారీ చేసిన విజ్ఞప్తులలో ప్రజలు పాటించినవి ఇరవై మూడు. పాటించనివి నలభై. పాటించని నలభైని ఈ దిగువ సంతకం చేసిన ఉద్యోగి రచించెను. పాటించిన ఇరవై మూడును తమరి భార్య, తమరి ఇంటి వంటింటి పక్క గది నుండి, తమరితో వేగలేక రచించిరి. ఆమె ఉత్తరములు ఈ విభాగమున భద్రపరచబడినవి. ఎప్పుడైననూ వచ్చి సరిచూసుకొనవచ్చును.

తమరు ఇంటిలో ఏమి మాట్లాడుకోవలెనో ఒక విజ్ఞప్తి జారీ చేయమని కోరియున్నారు. ఈ విభాగమునకు ఆ సామర్థ్యము లేదు. దానిని రాయగలిగిన ఏకైక వ్యక్తి తమరికి గోడ అవతలే ఉన్నారు. ఆమె చెప్పుటకు మైకు అవసరము లేదు.

బావా, మోటారు బెల్టు తిరిగి ఇచ్చెయ్యి. అక్క చెయ్యి నొప్పెడుతోంది.

ఇట్లు,
ప్రధాన రచయిత (ఆదివారం వరకు)


ఇంటి నుంచి
జూన్ 26

తమ్ముడూ,

నీ మీద కోపం పోయింది. పూర్తిగా కాదు, పండక్కి బట్టలు కుట్టిపెట్టేంత పోయింది అనుకో. నీ కొలతలు పంపు.

సభలో నువ్వు చదివింది దళం వాళ్ళు చెప్పినా మీ బావ నమ్మలేదు, ముద్ర వేసిన కాగితం రావాలన్నారు. ఆ ఆఫీసు కాగితం మొన్న సాయంత్రం వచ్చింది. నేను మిషను దగ్గరున్నాను, మిగిలిపోయిన యూనిఫారాల కోసం చక్రం తిప్పుతున్నాను. మీ బావ దాన్ని గుమ్మంలోనే నిలబడి చదివారు. మళ్ళీ చదివారు. ముద్ర ఉందా అని వెనక్కి తిప్పి చూశారు. మూడోసారి చదివేటప్పుడు పెదాలు కదిలాయి. నేను తల ఎత్తలేదు. కుట్టుకుంటూ పోతున్నాను. ఏ చొక్కాకి ఏ చెయ్యి కుడుతున్నానో నాకే తెలీదు.

అదే సమయానికి కింద దళం వాళ్ళు ఈలలు వేశారు, రమ్మని. ఆయన కిటికీలోంచి తొంగి చూసి, "ఇవాళ డిస్మిస్" అన్నారు. అంత మెల్లగా అంటే ఎవరికి వినబడుతుంది? వాళ్ళు ఇంకో పావుగంట ఊది వెళ్ళిపోయారు.

తర్వాత బీరువా తాళం చప్పుడైంది. బెల్టు తెచ్చి, నేల మీద కూర్చుని, తనే ఎక్కించారు. తప్పుగా ఎక్కించారు. మిషను వెనక్కి కుట్టింది. ఆయన చూశారు, విప్పారు, మళ్ళీ ఎక్కించారు. ఈసారి సరిగ్గా నడిచింది.

వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. కుట్టిన యూనిఫారాల మూట గుమ్మానికి అడ్డంగా ఉంటే దాని మీద కూర్చున్నారు. ఇస్త్రీ చేసినవిరా అవి!

"చెప్పు" అన్నారు.

"ఏం చెప్పను?"

"ఇన్నాళ్ళూ మైకులో చెప్పావుగా. ఇప్పుడు మైకు లేదు. చెప్పు, వింటాను."

మిషను ఆపాను. ముప్పై రెండేళ్ళుగా చెప్పాలనుకున్నవి ఎన్నున్నాయి తమ్ముడూ! గిన్నెలు తోముతూ అనుకున్నవి, బస్సులో కిటికీ వైపు తిరిగి అనుకున్నవి, దుప్పటి ముసుగేసుకుని అనుకున్నవి. అన్నీ వరసగా పెట్టుకున్నాననే అనుకున్నాను. ఆయన అలా తల ఎత్తి, స్కూలు పిల్లాడిలా ఎదురుచూస్తూ కూర్చునేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు. ఒక్కటంటే ఒక్కటి. ఆయన ఎదురుచూస్తూనే ఉన్నారు.

చివరికి, "కాస్త పక్కకి జరగండి, గాలి రావట్లేదు" అన్నాను.

జరిగారు.

అక్క